కట్ట మీద కంప

చెరువు కట్టకు గేటేమిటి? ఇంటికి గేటుంటుంది, తోటకు ఉంటుంది, బంగ్లాకు ఉంటుంది. ఊరూ తండా కలిసి, మనుషులూ పశువులూ కలిసి, తాతల నాటి నుంచి నడిచే కట్టకు గేటు పెట్టి, దానికి తాళంకప్ప వేసి, ఆ తాళంచెవి ఒకడి మొలతాడుకు కట్టడం నేను ఈ మధ్యనే చూశాను. చూసినప్పటి నుంచి నా కడుపు మండుతూనే ఉంది.

అసలు నేను ఊరికి పోయింది నడవడానికి. షుగరు వచ్చిన వాళ్ళందరికీ డాక్టర్లు చెప్పే మాటే నాకూ చెప్పారు, రోజూ నడవాలని. జనగామలో మా ఇంటి దగ్గర నడవడానికి చోటేదీ? రోడ్డెక్కితే బస్సులు, పత్తి బండ్లు. మైదానానికి పోతే కుక్కలు. ఫోనులో ఈ సంగతి చెప్పుకుంటే మా అన్న కొడుకు నవ్వాడు.

"అత్తమ్మా, మన ఊరికి రారాదు. చెరువు కట్ట ఎట్ల చేయించిన్నో సూద్దువు. టైల్స్, లైట్లు, బెంచీలు. పొద్దున ఇంత, మాపటికి ఇంత నడిస్తె నీ షుగరు దెబ్బకు దిగుతది."

వాడు ఇప్పుడు ఊళ్ళో నాయకుడు. ఏ పని జరిగినా నేనే చేయించిన అంటాడు, నిజంగానే చేయిస్తాడు కూడా. వాడి మాట నమ్మి తొర్రూరు బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో ఊరు చేరాను.

మా కట్ట కాకతీయుల కాలం నాటిదంటారు. ఊరి చివర మొదలై, చెరువును పక్కన పెట్టుకుని, అటు చివర లంబాడీల తండా దాకా పోతుంది. ఎక్కడం దిగడం ఉండదు. ఎంత దూరం నడిచినా కాళ్ళు నొయ్యవు. ఒక దిక్కు నీళ్ళు, ఒక దిక్కు పొలాలు, మధ్యలో మనం. నా చిన్నప్పుడు రెండు వాలుల మీదా తాటిచెట్లు, ఈతచెట్లు, సీతాఫలం పొదలు, తంగేళ్ళు ఉండేవి. ఆ సాయంత్రం పోయి చూస్తే ఒక్కటి లేదు. తాటిచెట్లు కొట్టేసిన చోట సిమెంటుతో చేసిన తాటిచెట్టును నిలబెట్టారు, ఫొటోలు దిగడానికి. ఎర్రటి పెద్ద అక్షరాలతో 'ఐ లవ్' అని పెట్టి పక్కన ఊరి పేరు రాశారు. ప్రేమ ఉన్నోడు చెట్లు కొడతాడా అని అడిగాను. "గట్లనకు అత్తమ్మా, పిలగాండ్లు సెల్ఫీలు దిగుతున్రు" అన్నాడు మా మేనల్లుడు.

తెల్లవారి నేను ఒక్కదాన్నే పోయాను. కట్ట ఎక్కే ముందు అలవాటు కొద్దీ చెప్పులు విప్పాను. గేటు దగ్గరి వాచ్‌మన్ వింతగా చూశాడు. "చెప్పులేస్కోండ్రమ్మా, టైల్స్ సుర్రుమంటయి" అన్నాడు. వేసుకోలేదు. మధ్యలో ఉండే కట్టమైసమ్మ దాకా నడిచి, దండం పెట్టుకుని, వెనక్కి వచ్చేసరికి అతను గేటు మూస్తున్నాడు.

"వాకింగ్ టైం అయిపోయిందమ్మా. జల్దీ రాండ్రి. ఇగ మాపటికే తీసుడు."

నేను బయటికి రాగానే కప్ప వేశాడు. అప్పుడు చూశాను. నా వెనకాలే తండా దిక్కు నుంచి బడి పిల్లలు వస్తున్నారు. సంచులు వీపున తగిలించుకుని, గేటు మూసి ఉండటం చూసి, ఒక్కరూ నోరు తెరిచి అడగలేదు. అలవాటైపోయింది. రెయిలింగు కింద నుంచి దూరి, వాలు మీద కొత్తగా మొలిచిన ముళ్ళ పొదల్లోంచి జారి, కింద పొలాల గట్లు పట్టుకుని లారీలు పోయే రోడ్డు దిక్కు పోయారు. వాళ్ళ వెనక ఒక ముసలామె, చిన్న పిల్లను చెయ్యి పట్టుకుని, దిగలేక గేటు చువ్వలు పట్టుకుని నిలబడింది. గడ్డం మీద పచ్చబొట్టు. నెరిసిన జుట్టు. ఆమె నా మొహం చూడలేదు, నా కాళ్ళు చూసింది.

"చెప్పులు లేకుంట కట్టెక్కిందంటె గీమె పటేలు బిడ్డనే అయుంటది అనుకున్న" అంది.

నా దోస్తు! పెళ్ళిళ్ళయి ఎవరి దారిన వాళ్ళం పోయాక ఎక్కడా కనబడని నా దోస్తు. చువ్వల్లోంచి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది.

"మల్ల గట్లనే నిలబడ్డం సూడు. నువ్వు ఆ దిక్కు, నేను ఈ దిక్కు" అని నవ్వింది. 

ఆమెకు నవ్వు ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. నాకు మాత్రం ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎందుకంటే ఆ కట్ట మీద అడ్డం పెట్టడం మా ఇంటి వాళ్ళకు అది మొదటిసారి కాదు.

మా అవ్వ, అంటే మా బాపు తల్లి, రోజూ పొద్దున్నే కట్ట మీద మైసమ్మ దాకా నడిచిపోయి దీపం పెట్టి వచ్చేది. నేను ఆమె కొంగు పట్టుకుని వెంట పోయేదాన్ని. కట్ట మొదట్లోనే చెప్పులు విప్పించేది. పటేలైనా, పాలేరైనా, పోలీసైనా ఆ కట్ట మీద చెప్పులతో నడవకూడదు. ఎందుకని అడిగితే మైసమ్మకు కోపమొస్తది అనేవాళ్ళు. అవ్వ మాత్రం నాకు అసలు సంగతి చెప్పింది.

"కండ్లకేం కనవడదే. కట్ట లోపల ఎలుక బొక్కలు, ఎండ్రికాయ బొక్కలు ఉంటయి. నీళ్ళు అండ్లకెళ్ళి వస్తుంటె పైన మన్ను మెత్తగైతది. చెప్పులేసుకుంటె నీకెట్ల తెలుస్తది? ఒట్టి కాలికి తెలుస్తది."

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఎవరి కాలికి మెత్తన తగిలిందో వాళ్ళు అక్కడే నిలబడాలి. అక్కణ్ణుంచి అడుగు కదపకూడదు. పక్కనున్న వాళ్ళు ఉరికి నీరటి తాతను పిలుచుకురావాలి. నీరటి అంటే చెరువు తూము తీసి, మూసి, కట్టను కాచేవాడు. వానలో కట్టంతా ఒక్క తీరుగానే ఉంటుంది, గుర్తు పెడితే వాన కొట్టుకుపోతుంది, మళ్ళీ వచ్చి వెతికితే ఆ చోటు దొరకదు. అందుకని మనిషే గుర్తు. పశువుల వెనక పోయేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, తండా నుంచి పాలు తెచ్చే ఆడవాళ్ళు, పొద్దస్తమానం అంతమంది కాళ్ళు ఆ కట్టను తడిమి చూసేవి. జీతం లేదు, నాతం లేదు. ఎవరూ దాన్ని పని అనుకోలేదు కూడా.

నా దోస్తు తండా నుంచి మా ఊరి బడికి ఆ కట్ట మీదే వచ్చేది. మైసమ్మ దగ్గర నేనూ అవ్వా ఎదురయ్యేవాళ్ళం. అవ్వ దీపం పెట్టేసరికి మా ఇద్దరి సంచులు ఖాళీ అయ్యేవి. మా ఇంటి పల్లికాయ ఆమెకు, వాళ్ళ జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం నాకు. ఆ కారం వాసన నా చేతికి పట్టుకుని బడిలో సారు దగ్గరికి పోయేదాకా ఉండేది. వాళ్ళ ఇంట్లో లంబాడి మాటే మాట్లాడుకునేవాళ్ళు, ఆమె అమ్మను 'యాడి' అని పిలిచేది. నేను కూడా ఆమె అమ్మను యాడి అంటే ఆవిడ పళ్ళన్నీ కనబడేలా నవ్వేది.

అల్లరికి కొదవ లేదు. రాలిపడ్డ తాటిమట్ట మీద కూర్చుని కట్ట వాలు మీది నుంచి జర్రున జారేవాళ్ళం. కింద బురదలో పడి, మొహానికి పులుముకుని లేచేవాళ్ళం. నీరటి తాత దూరం నుంచి చూసి, "ఓ పోరిల్లారా, కట్ట కరుగుతదే! మీ అయ్యలకు చెప్త" అని కర్ర పట్టుకుని వచ్చేవాడు. వచ్చినవాడు కొట్టకుండా, తుండుగుడ్డ విప్పి రెండు ఈతపండ్ల గుత్తులు ఇచ్చి పోయేవాడు. సీతాఫలాలు పచ్చివే కోసి వడ్లలో దాచి, పండేదాకా ఆగలేక రోజూ నొక్కి నొక్కి చూసి పాడు చేసేవాళ్ళం.

నా దోస్తుకు చదువంటే ప్రాణం. తండాలో అంతకు ముందు బడికి వచ్చిన ఆడపిల్ల లేదు. తొర్రూరు అంగడికి పోయినప్పుడు బస్సు మీది పేరు ఆమె చదివి చెబితేనే వాళ్ళ వాళ్ళు ఎక్కేవాళ్ళు. దవాఖానలో సూది మందు వేసే అక్కను ఒకసారి చూసిందట, అప్పటి నుంచి అదే పాట.

"నేను గూడ తెల్లబట్టలేసుకొని సూదులేస్త. నీకు నొప్పి లేకుంటేస్త" అనేది. 

నేను సూది వద్దనేదాన్ని. ఉత్తుత్తిగానే తుమ్మముల్లు తెచ్చి నా చేతికి గుచ్చబోయేది.

ఒక వానాకాలం తండా బర్లు రెండు మా నారుమడిలో పడ్డాయి. నారు తొక్కాయి, కొంత మేశాయి. పశువన్నాక పడతాయి. మా బర్లు వాళ్ళ మక్కల్లో పడలేదా? కానీ మా బాపు పటేలు. ఆయన కోపం ఆయన ఒక్కడికే పరిమితం కాదు, ఊరంతా దాన్ని మోయాలి. పాలేర్లను పంపి తుమ్మ కంప, రేగు కంప కొట్టించి, మైసమ్మకు ఇవతల కట్టకు అడ్డంగా మనిషెత్తు వేయించాడు.

"ఇయ్యాల్టి సంది తండోళ్ళకు కట్ట మీద తొవ్వ బంద్" అన్నాడు. 

అవ్వ అన్నం తింటున్నది ఆపి చెయ్యి కడుక్కుంది.

"కట్ట నీ తాత కట్టిండార?"

"కింద పొలాలు మనయి గాదా?"

"నీ పొలాలకు కంప ఏస్కో. నడిచేటోళ్ళకు ఏస్తవా?"

బాపు లేచి పోయాడు. ఇంట్లో ఆయన మాటకు ఎదురు చెప్పగలిగింది అవ్వ ఒక్కతే, ఆమె మాట కూడా అప్పటికి గడప దాటేది కాదు. ఆ రోజు నుంచి ఆమె మైసమ్మ దగ్గరికి పోవడం మానేసింది. కంప దాకా పోయి, ఇవతల నుంచే దండం పెట్టి, మొహం ముడుచుకుని వచ్చేది.

నా దోస్తు చదువు అక్కడే ఆగింది. కింది నుంచి రావాలంటే వాగు దాటాలి, వానాకాలం అది నడుము లోతు. అయినా పొద్దున బడి వేళకు సంచీ తగిలించుకుని కంప దాకా వచ్చేది. నేను ఇవతల. ముళ్ళ సందుల్లోంచి పలకలు చూపించుకునేవాళ్ళం. సారు ఏం చెప్పాడో నేను చెబితే ఆమె రాసుకునేది. నాకు సగమే గుర్తుండేది. మిగతా సగం ఆమె అడిగి అడిగి నన్ను సతాయించేది. పల్లికాయలు విసిరితే సగం ముళ్ళలో చిక్కుకునేవి. మా బాపు మీద ఎంత కోపం వచ్చేదో చెప్పలేను. ఆయన పళ్ళెం పక్కన నీళ్ళ చెంబు పెట్టమంటే ఖాళీ చెంబు పెట్టేదాన్ని. అంతకంటే నాకు చేతనైంది లేదు.

ఆ కంప ఇంకొక పని కూడా చేసింది, అది ఎవరి బుర్రకూ తట్టలేదు. తండావాళ్ళను ఆపుతున్నాం అనుకున్నారు గానీ, ఇటు వాళ్ళను కూడా ఆపింది. పశువులు అటు పోవడం మానేశాయి. చేపలవాళ్ళు ఇవతలే వలలు వేసుకున్నారు. నీరటి తాత ముసలివాడు, కంప దాకా పోయి వెనక్కి తిరిగేవాడు. పటేలు వేయించిన కంపను తీసే ధైర్యం అతనికెక్కడిది? తండావాళ్ళు అలిగి ఆ దిక్కు రావడమే మానుకున్నారు. సగం కట్ట మీద మనిషి కాలు పడటం ఆగిపోయింది. ఒక్క నా దోస్తు కాళ్ళు తప్ప.

ముసురు పట్టింది. చెరువు నిండి మత్తడి దుంకింది. నీళ్ళు నిండి పొర్లే చోటును మత్తడి అంటాం. ఊరంతా సంబరంగా పసుపు కుంకుమలు తీసుకుని అక్కడికి పోయారు. నేను మాత్రం గోనెసంచిని కొప్పెరలా తల మీదుగా కప్పుకుని, కాల్చిన మక్కకంకి ఒకటి దాచుకుని కంప దగ్గరికి పోయాను. నా దోస్తు కంపకు అవతల, కాస్త దూరంలో నిలబడి ఉంది. రా అంటే రాలేదు. వానలో గొంతు చించుకుని అరిచింది.

"ఈడ మెత్తగున్నదే! కాలు దిగవడ్డది! నేను కదలొద్దు గదా. నువ్వు ఉరుకు, నేనుంట!"

కంకి అక్కడే పారేసి ఉరికాను. నీరటి తాత మత్తడి దగ్గర ఉన్నాడు, బాపు ఉన్నాడు, పెద్దమనుషులంతా ఉన్నారు. ఒగరుస్తూ చెప్పాను. నీరటి తాత మొహం మాడిపోయింది. కానీ బాపు చెయ్యెత్తి ఆపాడు.

"ఆగుండ్రి. ఎవలు చెప్పిన్రు? గా తండ పోరేనా? కంప తీపియ్యనీకె ఎత్తు ఏసిన్రు. పటేలు ఉరికచ్చి కంప తీసిండని నవ్వుకుంటరు."

పెద్దమనుషులు తలూపారు. ఆ తలలు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఊగుతాయి. చెరువు మీద ఆధారపడ్డ వాళ్ళే అందరూ, తెగితే కొట్టుకుపోయేది వాళ్ళ ఇళ్ళే, అయినా పటేలు మాటకు తలూపారు. నేను ఏడుస్తూ ఇంటికి ఉరికాను. అవ్వ పొయ్యి దగ్గర ఉంది. నేను చెప్పింది వింది. కొడవలి కూడా తీసుకోలేదు. అట్లాగే లేచి వానలో నడిచింది.

కంప దగ్గరికి పోయి ఒట్టి చేతులతో లాగడం మొదలుపెట్టింది. తుమ్మముళ్ళు అరచేతుల్లో దిగి నెత్తురు కారుతుంటే వాన కడిగేస్తున్నది. నేను చిన్న కొమ్మలు పట్టి లాగాను. పటేలు తల్లి ఒక్కతే కంప గుంజుతుందని ఎవరో చూసి చెబితే బాపు వచ్చాడు, వెనక ఊరు వచ్చింది.

"అవ్వా, జర ఆగు" అన్నాడు.

"నీ నారుమళ్ళ బర్రె వడితె పిడికెడు నారు పోతది. గీ కట్ట తెగితె నువ్వు, నేను, నీ పిల్లలు అందరం పోతం. గా పోరి ఒక్కతి వానల నిలబడ్డది. నీకు సిగ్గులేదార?" అంది. 

అంతమంది ముందు అంది. బాపు తల వంచుకున్నాడు. అప్పుడు అందరూ చేతులు వేశారు.

నా దోస్తు పిక్కల దాకా బురదలో దిగి, పెదాలు నల్లబడి, పలక సంచీ నెత్తిన పెట్టుకుని అక్కడే ఉంది. నీరటి తాత ఆమె కాళ్ళ దగ్గర చెయ్యి పెట్టి చూసి, వాలు దిగి అటు పక్క చూశాడు. కింద బుంగ పడి మట్టినీళ్ళు ఉబికివస్తున్నాయి. ఇంకాసేపైతే చేతికందేది కాదు. గడ్డిమోపులు, తాటాకులు, మట్టి తట్టలు, ఇళ్ళల్లోని గోనెసంచులు, ఏది దొరికితే అది మోశారు. తండా నుంచి కూడా ఆడామగా దిగారు. ఊరూ తండా కలిసి చీకటి పడేలోగా బుంగ పూడ్చారు.

కట్ట నిలిచింది. తర్వాత జరిగిన దానికే నాకు కోపం. మైసమ్మ ఆ పిల్ల మీదికి పూని చెప్పిందని మా బాపు అన్నాడు. ఊరంతా అవునంది. మైసమ్మకు యాట కోశారు, బోనాలు పెట్టారు. నా దోస్తుకు పిడికెడు అన్నం కూడా ఎవరూ పెట్టలేదు. ఆమె కాళ్ళకు తెలిసింది, ఆమె కట్టుబాటు పాటించింది, ఆమె నిలబడింది. ఆ ఘనత ఒక పసిపిల్లకు, అందులోనూ తండా పిల్లకు ఇవ్వడానికి వాళ్ళకు మనసొప్పలేదు. కంప తీసేశాక మళ్ళీ వేయలేదు, అంతే.

ఆమెకు జ్వరం పట్టుకుని చాలా రోజులు లేవలేదు. కోలుకుని బడికి వస్తే సారు పేరు కొట్టేశానన్నాడు. "ఇన్ని రోజులు రాకపోతే ఎట్ల? వచ్చే ఏడు రా" అన్నాడు. ఎందుకు రాలేదో ఆయనకు తెలియదా? కంప వేసిన రోజు ఆయన మా ఇంట్లోనే చాయ్ తాగాడు. వచ్చే ఏడుకల్లా వాళ్ళ నాయిన పిల్లలందరినీ తీసుకుని ఖమ్మం దిక్కు మిరపకాయ ఏరడానికి పోయాడు. అవ్వ మా బాపుతో పోట్లాడింది, సారుతో పోట్లాడింది. ఆమె చేతుల్లో ముళ్ళు చీము పట్టి చాలా రోజులకు మానాయి. నా దోస్తు సూదులు వెయ్యలేదు. ఆమెకు ఆ తెల్లబట్టలు రాకుండా పోవడానికి కారణం మా ఇల్లు.

ఇప్పుడు చువ్వల అవతల ఆమె, పక్కన మనవరాలు.

"మల్ల తండకే వచ్చిన. గీమె నా బిడ్డ బిడ్డ. మంచిగ చదువుతది. రోడ్డు మీదికెల్లి పంపుదామంటె లారీలకు పానం గజగజ అంటది. నేను తోలుకపోదునా, ఈ మోకాళ్ళతోని వాలు దిగలేను. వారంల రెండు దినాలు ఇంటికాడ్నే ఉంటది. బడిల సారు గరమైతున్నడు" అంది. తర్వాత కాలి బొటనవేలితో టైలు మీద తట్టింది. "గీటి కింద ఏం బొక్కలు వడ్డయో ఎవలకెరుక? కాలికేం తెలుస్తలేదు."

ఆ రాత్రి అన్నాల దగ్గర మా మేనల్లుడిని గేటు సంగతి అడిగాను. వాడు నవ్వుతూనే ఉన్నాడు.

"అత్తమ్మా, గేటు లేకపోతె బర్లు వస్తయి, టైల్స్ మీద పెండ వెడ్తయి. మంచిగ చేసుకున్నది ఖరాబు చేసుకుందామా? పిల్లలకు రోడ్డున్నది గదా. ఆటో పెట్టుకుంటరు."

"మీ తాత గిట్లనే అన్నడు."

"తాత జమానా వేరు. అప్పుడు మైసమ్మ తల్లి కాపాడింది, మాకు చెప్పిన్రు గదా" అన్నాడు. 

అదీ సంగతి. మా ఇంట్లో ఆ కథ మైసమ్మ కథగానే మిగిలింది. మా అవ్వ నెత్తురు, నా దోస్తు కాళ్ళు అందులో లేవు. ఏది ఎట్లా జరిగిందో మొదటి నుంచి చెప్పాను. విని, "గవన్ని పాత ముచ్చట్లు అత్తమ్మా" అని చెయ్యి కడుక్కున్నాడు. వాడికి కోపం కూడా రాలేదు. మా బాపుకు కనీసం సిగ్గు తెలిసేది.

తెల్లవారి నేను నడవలేదు. గేటు మూసే వేళకు పోయి, రెండు రెక్కల నడుమ నిలబడ్డాను. వాచ్‌మన్ తాళంకప్ప పట్టుకుని వచ్చాడు.

"అమ్మా, జర జరుగుండ్రి. బంద్ చెయ్యాలె."

"జరుగను."

"నా నౌకరి పోతదమ్మా."

"నీ మీద నాకేం కోపం లేదు బిడ్డా. నీకు నౌకరి ఇచ్చినోణ్ణి పిలువు. వచ్చి నన్ను గుంజి పక్కకు పెట్టుమను."

అతను ఫోను చేశాడు. పటేలు బిడ్డను చెయ్యి పట్టి లాగే ధైర్యం అతనికి లేదని నాకు తెలుసు. మా బాపు పేరు వల్ల ఆ కట్ట మీద జరిగిన ఒకే ఒక్క మంచి పని బహుశా ఇదే. మా మేనల్లుడు మోటరుసైకిలు మీద వచ్చాడు. నడవడానికి వచ్చినవాళ్ళు కొందరు ఆగి చూస్తున్నారు.

"అత్తమ్మా, గిదేంది? ఊరోళ్ళు నవ్వుతున్రు."

"నవ్వనియ్. గీ తాళంకప్ప చెర్ల వడేసెదాక ఈడికెల్లి కదల. ఇయ్యాల, రేపు, ఎల్లుండి."

"షుగర్ పేషెంటువు. కండ్లు తిరిగి పడతవు."

"పడితె గేటు నడుమనే పడత. అప్పుడెట్ల మూస్తవో సూస్త."

వాడు తల పట్టుకుని పక్కకు పోయి ఎవరికో ఫోను చేసుకుంటున్నాడు. అప్పుడే తండా దిక్కు నుంచి పిల్లలు వచ్చారు. గేటు తెరిచి ఉండటం చూసి ముందు ఆగిపోయారు. పొండ్రి అన్నాను. ఒకరి వెనక ఒకరు నా పక్క నుంచి దూరి, ఊళ్ళోకి ఉరికారు. చివరికి నా దోస్తు వచ్చింది, మనవరాలి చెయ్యి పట్టుకుని, మెల్లగా. నన్ను చూసింది, నా కాళ్ళు చూసింది, పక్కనున్న మా మేనల్లుణ్ణి చూసింది. అర్థమైంది. సంచీ పిల్ల చేతికిచ్చి తను కూడా నా పక్కన నిలబడబోయింది.

"నువ్వు నిలబడ్డది సాలు. బడి టైమైతుంది, పిల్లను తోలుకపో. నేనుంట" అన్నాను.

ఆమె నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, మనవరాలితో గేటు దాటింది. ఆనాడు నేను వానలో ఉరికాను. ఆమె ఉరకలేదు, ఆ మోకాళ్ళు ఉరకనివ్వవు. నిదానంగా, వెనక్కి చూడకుండా, బడి దిక్కు నడిచిపోయింది. నేను చెప్పులు విప్పి పక్కన పెట్టి, అక్కడే నిలబడ్డాను.